ఐదేళ్ల పాపకు విజ్ఞానం పరిచయం చేయడం: కిట్టుతోనా, వంటింటి గిన్నెలతోనా?

హన్మకొండ అమ్మ | జూలై 6, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా పాపకు మొన్న ఏప్రిల్‌లో ఐదేళ్లు నిండాయి. సెల్‌ఫోను చూడడం తగ్గించి, చేతులతో ఏదైనా చేయించాలనే ఉద్దేశంతో ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి చిన్నపిల్లల సైన్స్ కిట్టు ఒకటి తెప్పించాను. అందులో అన్నింటికంటే పెద్ద ఆకర్షణ అగ్నిపర్వతం. ప్లాస్టిక్ కొండలో పొడి పోసి, పైనుంచి ద్రవం పోస్తే ఎర్రటి నురగ పొంగుతుంది. మొదటి రోజు పాప చప్పట్లు కొట్టింది, రెండో రోజు మళ్ళీ చేయమన్నది, మూడో రోజుకు పొడి అయిపోయింది. ఇంటికి వచ్చిన మా అత్తగారు ‘ఏం నేర్చుకున్నవు బిడ్డా?’ అని అడిగితే, ‘మమ్మీ మ్యాజిక్ చేసింది’ అని జవాబు చెప్పింది.

నేను డిగ్రీలో కామర్స్ చదువుకున్నాను. సైన్స్ విషయాలు విడమరచి చెప్పే శక్తి నాకు లేదు. నిజానికి ఆ నురగ ఎందుకు వస్తుందో కిట్టులోని కాగితం చదివిన తరువాతనే నాకూ తెలిసింది. ఈ వయసు పిల్లలకు విజ్ఞానం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో, అసలు ఇప్పుడే మొదలుపెట్టాలో లేదో, అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

లోలకం | జూలై 6, రాత్రి 10:25

అమ్మా, తప్పకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. నేను కాజీపేటలో ఉంటాను, వృత్తిరీత్యా ఇంజనీరును. మా బాబుకు నాలుగేళ్ల వయసులోనే సాంద్రత (ఒకే పరిమాణంలో ఎంత ద్రవ్యరాశి ఇమిడి ఉందన్నది) అంటే ఏమిటో చెప్పాను. మన దగ్గర రామప్ప గుడి ఉండగా వేరే కిట్టు ఎందుకు? 1213లో కట్టిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికగా ఉంటాయి. లోపల సూక్ష్మమైన రంధ్రాలు ఉండడం వల్ల వాటి సాంద్రత నీటి సాంద్రత కన్నా తక్కువ. పిల్లలను పాలంపేటకు తీసుకువెళ్లి ఈ విషయం చెబితే ఎప్పటికీ మరచిపోరు. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుందనే ఆర్కిమెడిస్ సూత్రాన్ని బకెట్టు, చెంబు సాయంతో ఇంట్లోనే చూపించవచ్చు. సూదిని నీటి మీద తేల్చి తలతన్యతను (నీటి పైపొర బిగువును), గాలి బుడగను తలకు రుద్ది స్థిర విద్యుత్తును, అద్దం ముక్కను నీళ్లలో పెట్టి గోడ మీద ఇంద్రధనుస్సు రంగులను చూపించవచ్చు. కావాలంటే వారానికి ఒక ప్రయోగం చొప్పున ఏడాదికి సరిపడా పట్టిక తయారు చేసి ఇక్కడ పెడతాను.

పాత పలక | జూలై 7, ఉదయం 6:15

లోలకం గారి ఉత్సాహాన్ని కాదనను గానీ, ఆ పట్టిక వద్దని నా మనవి. నేను హుజూరాబాద్ ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 31 సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. హన్మకొండ అమ్మగారి పాప అన్న మాట నూటికి నూరు పాళ్లు సరైనది. పొడి, ద్రవం, కొండ అన్నీ ఎవరో సిద్ధం చేసి ఇచ్చారు. ఏమి జరగబోతున్నదో డబ్బా మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. పాప చేయడానికి మిగిలింది చప్పట్లు కొట్టడమే. లోలకం గారి పట్టికలో కూడా చేసేవారు మీరు, చెప్పేవారు మీరు, చూసేవాడు బాబు. తేడా ఏమిటంటే, మీ దగ్గర ప్లాస్టిక్ కొండ లేదు.

నా మాటను ఉదాహరణతోనే చెబుతాను. ఈ వేసవి సెలవులకు మా మనుమరాలు వచ్చింది. దానికి ఆరేళ్లు. పెరట్లోని నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చుని ఏవి మునుగుతాయి, ఏవి తేలుతాయి అనే ఆట మొదలుపెట్టింది. గులకరాయి మునిగింది, పుల్ల తేలింది, ఇనుప మేకు మునిగింది, చింతాకు తేలింది. ‘బరువున్నవి మునుగుతాయి తాతా’ అని తీర్మానించింది. ఆ మాట తప్పని నాకు తెలుసు. అయినా నేను తప్పు అనలేదు. ఆ రోజు ఇంట్లో నాలుగు కిలోల పుచ్చకాయ ఉంది. దాన్ని తెచ్చి డ్రమ్ము పక్కన పెట్టి, ‘మరి ఇది?’ అని మాత్రం అడిగాను. నా కంటే బాగా ఆలోచించి, రెండు చేతులతో ఎత్తి చూసి, ‘బుడుంగున మునుగుతది’ అన్నది. వేస్తే తేలింది. చాలాసేపు దాన్ని అరచేతులతో కిందికి నొక్కి, అది మళ్ళీ పైకి తన్నుకొని వస్తుంటే చూస్తూ కూర్చుంది. తరువాత తానే వంటింట్లోకి పరుగెత్తి ద్రాక్షపండు తెచ్చి వేసింది. అంత చిన్న పండు మునిగిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నానికి పిలిచినా రాలేదు.

ఆ రోజు దానికి సాంద్రత అనే మాట నేర్పలేదు. కానీ ‘బరువు ఒక్కటే కాదు’ అన్న సంగతి దానికి దానంతటదే తెలిసింది. ఎనిమిదో తరగతిలో సాంద్రత సూత్రం నల్లబల్ల మీద రాసినప్పుడు, ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో ఎందుకు భాగించాలో అడిగే పిల్లలు నాకు 31 ఏళ్లలో పట్టుమని పదిమంది దొరకలేదు. అడగని వాళ్లెవరికీ పుచ్చకాయను నీళ్లలోకి నొక్కే అవకాశం వచ్చి ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది.

కాబట్టి అమ్మా, మీకు కామర్స్ తప్ప తెలియదని బాధపడకండి. ఒక విధంగా అది మేలే, ఎందుకంటే తెలిసినవారికి నోరు ఊరుకోదు. చేయవలసినది ఒక్కటే: ఏ పనికైనా ముందు ‘ఏమవుతుందని అనుకుంటున్నావు?’ అని అడగండి, పాప చెప్పింది అట్లాగే ఉండనివ్వండి, తరువాత చేయనివ్వండి. ఊహ చెప్పకుండా చేసిన పని పిల్లలకు తమాషాగానే మిగులుతుంది. ఊహ చెప్పాక చేస్తే మాత్రం ఆ ఊహ నిలిచిందా, పడిపోయిందా అన్న పట్టుదల వస్తుంది.

లోలకం | జూలై 7, ఉదయం 8:05

పలక గారూ, మీ మాట కొంచెం ఘాటుగానే తగిలింది, అయినా కాదనలేను. నిన్న రాత్రి మీ సందేశం రాకముందే మా బాబును పిలిచి ‘సాంద్రత అంటే ఏమిటి?’ అని అడిగాను. ‘ద్రవ్యరాశి బై ఘనపరిమాణం’ అని గడగడా చెప్పాడు. ఈ ఉదయం మీరు రాసింది చదివి, ‘పుచ్చకాయ మునుగుతుందా, తేలుతుందా?’ అని అడిగాను. మునుగుతుందన్నాడు. వాడికి ఇప్పుడు ఏడేళ్లు.

తంగేడు | జూలై 7, మధ్యాహ్నం 2:30

నేను ములుగు వైపు అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేది మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు. కొత్త జాతీయ విద్యా విధానం 2020లో మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అన్నారు, ఆట ద్వారా నేర్పాలన్నారు. శిక్షణలో విన్నప్పుడు సంతోషం కలిగింది. కానీ గ్రామానికి తిరిగి వచ్చి పిల్లలను మట్టిలో, నీళ్లలో ఆడనిస్తే తల్లులు వచ్చి, ‘మా పిల్ల ఆడుకోవడానికే వస్తున్నదా? పక్క ఊరి ప్రైవేటు బడిలో అప్పుడే ఏబీసీడీలు రాస్తున్నారు’ అని నిలదీస్తున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. కూలికి పోయి ఫీజు కట్టేవాళ్లకు కాపీ పుస్తకంలో కనిపించేదే చదువు.

అందుకే నేను ఒక ఉపాయం చేశాను. ఒక తడి గుడ్డలో పెసలు కట్టి ప్రతి పిల్లకూ ఇచ్చి ఇంటికి పంపాను. ఆరనివ్వకుండా తడపమన్నాను, ఒకరిద్దరికి మాత్రం తడపకుండా ఉంచమన్నాను. మరునాడు పొద్దుటికే తెల్లని మొలక కనిపించేసరికి పిల్లల కంటే తల్లులే ఎక్కువ సంబరపడ్డారు. మొలక వచ్చిన గింజలను గాజు గ్లాసులో, కాగితానికీ గ్లాసుకూ మధ్య నిలబెట్టి, రెండు రోజుల తరువాత గ్లాసును అడ్డంగా పడుకోబెట్టాము. కాడ వంగి మళ్ళీ పైకి లేచింది, వేరు కిందికి తిరిగింది. ‘దానికి కళ్లు ఉన్నాయా టీచర్, పైన ఏదో కింద ఏదో ఎట్లా తెలిసింది?’ అని ఒక పిల్లవాడు అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. చీకటి గదిలో పెట్టి చూద్దామన్నాను. చీకట్లో కూడా పైకే లేచింది. అంటే వెలుతురును చూసి లేవలేదన్నమాట అని పిల్లవాడే అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఇంకో నాలుగు సంవత్సరాలు ఈ పని చేయాలనిపించింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పవలసి ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం చూపించమని చాలాచోట్ల రాస్తుంటారు. దయచేసి చిన్నపిల్లల చేతికి సున్నం ఇవ్వకండి. తాంబూలం సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కినప్పుడు చిట్లి కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. అదే రంగు మార్పు సబ్బు నీళ్లతో కూడా కనిపిస్తుంది: పసుపు మరక ఉన్న తెల్ల గుడ్డను సబ్బుతో ఉతికితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు కూడా మింగితే ప్రాణం మీదికి వస్తాయి. కిట్టులు కొన్నవారు ముందు వాటిని వెతికి పక్కన పెట్టండి.

చెల్క | జూలై 7, రాత్రి 8:50

నేను చదువుకున్నది పదో తరగతి వరకే, పరకాల దగ్గర వ్యవసాయం చేస్తాను. మా పొలం కొంత చెల్క (ఎర్ర ఇసుక నేల), కొంత నల్లరేగడి. మా చిన్నవాడు ‘నాన్నా, ఈ చేనులో నీళ్లు నిలుస్తాయి, ఆ చేనులో ఎందుకు నిలువవు?’ అని అడిగితే, రెండు నీళ్ల బాటిళ్లు కోసి, మూతికి గుడ్డ కట్టి తలకిందులుగా నిలిపి, ఒకదాంట్లో చెల్క మట్టి, ఇంకొకదాంట్లో రేగడి మట్టి పోయించాను. ఒక్కో గ్లాసు నీళ్లు వాడే పోశాడు. చెల్కలో నుంచి నీళ్లు జలజల కారిపోయాయి. రేగడి మట్టి ఉబ్బి, నీళ్లను పట్టుకొని, అన్నం తినివచ్చేదాకా ఒక్కో బొట్టే వదిలింది. మిషన్ కాకతీయ మొదలైన 2015 నుంచి చెరువు పూడిక మట్టిని మా చెల్కలకు తోలుకున్నాము. అది ఎందుకు తోలుతారో వాడికి ఇప్పుడు నేను చెప్పనక్కరలేదు. మూడో బాటిల్‌లో రెండు మట్టీ కలిపి వాడే చూసుకున్నాడు.

తొలకరి వానకు చెల్కల్లో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు. పట్టుకోనివ్వండి, కానీ సాయంత్రానికి వదిలేయించండి.

కరీంనగర్ నాన్న | జూలై 8, ఉదయం 7:30

అందరూ బాగానే చెబుతున్నారు గానీ, చేదు నిజం ఒకటి అడుగుతాను. మా పెద్దబాబును కూడా చిన్నప్పుడు ఇట్లాగే పెంచాము, వాడు ప్రతిదానికి ఎందుకు అని అడిగేవాడు. ఆరో తరగతిలో పేరున్న బడిలో వేశాము. మొదటి నెలలోనే టీచరు పిలిచి, ‘మీ బాబు ప్రశ్నలతో సిలబస్ వెనకపడుతున్నది’ అన్నారు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, ప్రశ్నలు లేవు, మార్కులు ఉన్నాయి. ఐదేళ్లకు పుచ్చకాయ తేల్చి, పదకొండేళ్లకు నోరు మూయించడానికా ఈ శ్రమ అంతా?

పాత పలక | జూలై 8, ఉదయం 9:10

కరీంనగర్ నాన్న గారూ, మీ బాధకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక ప్రయత్నం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పల్లె పిల్లలకు చౌకైన సామగ్రి ఇచ్చి, ప్రయోగం చేసి తెలుసుకొనేలా పాఠాలు రాశారు. పరీక్షలకు కూడా పుస్తకం చూసి రాయవచ్చన్నారు. వందల పాఠశాలలకు విస్తరించిన ఆ కార్యక్రమం 30 ఏళ్లు నడిచి 2002లో ఆగిపోయింది. పాత సైకిలు ట్యూబులతో, అగ్గిపుల్లలతో ఆటవస్తువులు చేయించే అరవింద్ గుప్తా గారు ఆ బాటలో నుంచి వచ్చినవారే. బడి మారాలంటే పరీక్ష మారాలని వారు గుర్తించారు. అది మీ నా చేతుల్లో లేదు. కానీ మీ బాబు ప్రశ్నలు అడగడం మానింది బడిలో. ఇంట్లో కూడా మానాడా? అది మీరు చూడవలసినది.

రెండో షిఫ్టు | జూలై 8, మధ్యాహ్నం 12:40

గోదావరిఖని నుంచి. బొగ్గు పొరల మధ్య వచ్చే రాతి పలకల్లో అప్పుడప్పుడు ఆకు అచ్చులు కనిపిస్తాయి. పైవారిని అడిగి అరచేతి అంత ముక్క ఒకటి ఇంటికి తెచ్చాను. ఈనెలతో సహా ఆకు స్పష్టంగా ఉంది. మా పాప చూసి, ‘దీని మీద ఎవరు గీశారు?’ అని అడిగింది. 25 కోట్ల ఏళ్లు అని చెప్పబోయి ఆగాను, ఎందుకంటే దానికి నిన్నా మొన్నా కూడా ఒక్కటే. మెత్తని బంకమట్టి తెచ్చి వేపాకు, రావి ఆకు, జామ ఆకు ఒత్తించాను. ఎండినాక ఆకులు తీసేస్తే అచ్చులు మిగిలాయి. రాయి పక్కన మట్టి పెట్టుకొని చాలాసేపు చూసి, ‘అయితే ఇది కూడా ముందు బురదనే’ అన్నది. కోట్ల ఏళ్ల లెక్క పెద్దయ్యాక వస్తుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. ఈసారి దసరా సెలవులకు తీసుకువెళ్తాను.

హన్మకొండ అమ్మ | జూలై 11, రాత్రి 9:15

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. కిట్టును అటక మీద పెట్టేశాను. మూడు రోజులుగా మా ఇంట్లో జరుగుతున్నది చెబుతాను.

ఫ్రిజ్‌లో నుంచి తీసిన నీళ్లు స్టీలు గ్లాసులో పోసి ఇస్తే, పాప గ్లాసు బయట ఉన్న తడిని చూపించి, ‘గ్లాసుకు చిల్లు పడింది’ అన్నది. అలవాటు ప్రకారం కాదని చెప్పబోయి, పలక గారు గుర్తుకు వచ్చి ఊరుకున్నాను. ‘చిల్లు ఉంటే లోపలి నీళ్లే బయటికి వస్తాయి కదా, ఎట్లా చూద్దాం?’ అని అడిగాను. చాలాసేపు ఏమీ చెప్పలేదు. మరునాడు తానే వచ్చి, రసం పోద్దామన్నది. రసం చల్లబరచడానికి మా అత్తగారు ఒప్పుకోలేదు గానీ, పసుపు కలిపిన నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, గ్లాసులో పోశాము. బయట తడి రాగానే తెల్ల చేతిరుమాలుతో తుడిచింది. రుమాలుకు పసుపు అంటలేదు. చిల్లు లేదని ఒప్పుకున్నది. కానీ ఇప్పుడు ‘ఆ నీళ్లు ఫ్రిజ్‌లో నుంచి గ్లాసుకు అంటుకొని వచ్చాయి’ అంటున్నది. ఇక్కడ నేను ఆగిపోయాను.

పాత పలక | జూలై 11, రాత్రి 9:50

అమ్మా, ఆగిపోవలసిన అవసరం లేదు. ఖాళీ గ్లాసును పొడిగా తుడిచి ఫ్రిజ్‌లో పెట్టించండి. తీసిన వెంటనే పాప చేతనే మరోసారి పొడి గుడ్డతో తుడిపించి, బల్ల మీద పెట్టండి. ఇది వానాకాలం కాబట్టి పని త్వరగా జరుగుతుంది. మన వరంగల్ మే నెల ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది, అప్పుడు ఇదే పని చేస్తే తడి తక్కువగా పడుతుంది. ఆ తేడాను కూడా వచ్చే వేసవిలో పాపకే వదిలిపెట్టండి.

లోలకం | జూలై 12, ఉదయం 7:20

నేను కూడా ఒకటి మనవి చేస్తాను, ఈసారి వివరణ లేకుండా. మన వరంగల్‌లో నిలువుగా పాతిన కర్రకు ఏడాదిలో రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు: మే 11, 12 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 1 ప్రాంతంలో ఇంకోసారి. సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారం 12 కొట్టినప్పుడు కాదు, ఆగస్టులో సుమారు 12:18కి. ఉత్తరానికి పోయినకొద్దీ మే తేదీ ఇంకా ఆలస్యంగా వస్తుంది, ఆగస్టు తేదీ ఇంకా ముందే వస్తుంది. ఆదిలాబాద్‌లో ఇవి మే 18, 19 ప్రాంతంలోనూ, జూలై 25 ప్రాంతంలోనూ వస్తాయి. మేలో బడులకు సెలవులు, ఆగస్టులో మబ్బులు, అందుకే మనవాళ్లు ఎక్కువమంది దీన్ని చూడరు.

ఇప్పటి నుంచి ప్రతి ఆదివారం డాబా మీద ఒకే చోట చీపురుపుల్ల నిలబెట్టి, మధ్యాహ్నం నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టించండి. మా బాబు నిన్న మొదటి గీత పెట్టాడు. వచ్చే వారం నీడ పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగాను. ‘నువ్వు చెప్పవా?’ అన్నాడు. చెప్పను అన్నాను. ఐదు నిమిషాలు కోపంగా చూసి, పెరుగుతుంది అన్నాడు.

తంగేడు | జూలై 12, మధ్యాహ్నం 3:05

లోలకం గారూ, మా కేంద్రం ముందు జెండా కర్ర ఉంది. మేమూ గీతలు పెడతాము. మబ్బు పట్టిన ఆదివారం ఏం చేయాలన్నది మాత్రం మీరే చెప్పాలి.

లోలకం | జూలై 12, సాయంత్రం 6:00

మబ్బు పట్టిన రోజు గీత లేదని రాసిపెట్టుకోవాలి టీచర్, అంతే. గీతను ఊహించి మాత్రం గీయవద్దు. నేను కాలేజీ ప్రయోగశాలలో చాలాసార్లు అదే చేశాను.

హన్మకొండ అమ్మ | జూలై 14, రాత్రి 8:30

పలక గారూ, ఖాళీ గ్లాసు పెట్టాము. మీరన్నట్లే పొడిగా తుడిచిన కాసేపటికి బయట మాత్రమే కాక లోపల కూడా తడి పట్టింది. పాపకు ఆ లోపలి తడి చూడగానే నవ్వు ఆగలేదు. ‘ఫ్రిజ్ నీళ్లను తుడిచేశాను కదా, మళ్ళీ ఎక్కడివి?’ అని నన్నే అడిగింది. మా అత్తగారు పక్కనే ఉండి, ‘గాలిలో ఉంటాయి బిడ్డా, బట్టలు ఆరితే నీళ్లు ఎటుపోతాయి మరి’ అన్నారు. నేను కామర్స్, ఆమె బడి ముఖమే చూడలేదు. పాప మాత్రం ఆ మాట నమ్మలేదు. గాలిలో నీళ్లుంటే మన ఒళ్లు తడవాలి కదా అన్నది.

పాత పలక | జూలై 14, రాత్రి 9:05

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. పాప నమ్మకపోవడం కూడా సరైనదే, ఎందుకంటే చూడలేదు. రెండు గ్లాసులు చల్లబరచండి. ఒకదాన్ని అన్నం ఉడుకుతున్నప్పుడు వంటింట్లో, పొయ్యికి దూరంగా, పాప చేయి కాలని చోట పెట్టండి. రెండోదాన్ని పడకగదిలో పెట్టండి. దేనికి ముందు తడి పడుతుందో ముందే పందెం వేయించండి.

హన్మకొండ అమ్మ | జూలై 14, రాత్రి 9:30

రెండు గ్లాసులూ ఇప్పుడే ఫ్రిజ్‌లో పెట్టించాను. అన్నం రేపు పొద్దున్నే వండుతాము. మా అత్తగారి పందెం వంటిల్లు. పాప పందెం పడకగది, ఎందుకని అడిగితే, అక్కడ ఫ్యాను తిరుగుతుంది కాబట్టి గాలి ఎక్కువ అన్నది.